కబురు ఒకరిది, భాష ఇంకొకరిది

పశ్చిమ ఆఫ్రికాలోని యొరూబా ప్రజల విశ్వాసంలో ఎషు అనే దేవత ఉన్నాడు. దారులు కలిసే కూడళ్లు ఆయన నెలవు. మనుషులు ఇచ్చే బలిని పైలోకానికి మోసుకెళ్లేదీ, అక్కడి మాటను కిందికి తెచ్చేదీ ఆయనే. జిత్తులమారి, చిలిపివాడు, మర్యాద తప్పినవాళ్లను ముప్పుతిప్పలు పెడతాడు. అంతేగానీ దేవుడికి శత్రువు కాడు. 19వ శతాబ్దంలో బైబిల్‌ను యొరూబాలోకి తెచ్చేటప్పుడు అపవాది అన్న చోట ఏదో ఒక పేరు కావాల్సి వచ్చింది. ఎషు పేరు పెట్టారు. తరతరాలుగా కొలుచుకుంటున్న దేవత ఆ ఒక్క మాటతో నరకానికి చెందినవాడైపోయాడు. పాత విశ్వాసంలోనే ఉన్న యొరూబావాళ్లు ఈ రోజుకీ "ఎషు సాతాను కాడు" అని ప్రచారం చేస్తూనే ఉన్నారు.

ఎవరో తెల్లదొర ఓడ దిగి, ఆ జనం గురించి ఏమీ తెలియకుండా చేసిన పని అనిపిస్తుంది. కానీ ఆ అనువాదానికి పెద్దదిక్కు శామ్యూల్ అజాయి క్రౌథర్, యొరూబా బిడ్డ. 1821 ప్రాంతంలో, పన్నెండు పదమూడేళ్ల వయసులో, బానిసల వేటగాళ్లు ఊరి మీద పడి అతన్ని ఎత్తుకుపోయారు. చేతులు మారి మారి చివరికి పోర్చుగీసు ఓడలో తేలాడు. ఆ ఓడను బ్రిటిష్ నౌకాదళం అడ్డుకుని, అందులోవాళ్లను సియెరా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దింపింది. అక్కడే మిషన్ బడిలో చదువు, బాప్తిస్మం. తర్వాత గురువుగా అభిషేకం. 1846లో, పాతికేళ్ల తర్వాత, అబెయోకుటాలో తల్లిని మళ్లీ కలుసుకున్నాడు. 1864లో ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లాండ్‌లో పుట్టిన చర్చికి, తొలి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు.

ఎషును అపవాదిని చేసిన అదే అనువాదం దేవుడి పేరును మాత్రం బయటి నుంచి అరువు తేలేదు. పైలోకానికి యజమాని అన్న అర్థంలో యొరూబావాళ్లు ముందునుంచీ పలికే ఒలోరున్ అన్న పేరునే ఉంచింది. మిషనరీ రాకముందే ఈ జనానికి దేవుడు తెలుసని ఒప్పుకోవడమే అది. ఒకే పుస్తకం ఒక జనం నమ్మకాన్ని ఒక చేత్తో నెత్తిన పెట్టుకుంది, ఇంకో చేత్తో నేలకేసి కొట్టింది.

క్రైస్తవ మిషన్ గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు చేతులనూ కలిపి చూడటం మనకు అలవాటు లేదు. మిషనరీలు సంస్కృతుల్ని తుడిచిపెట్టారని ఒక పక్క అంటారు. వాళ్లు రాకపోతే బడి లేదు, ఆసుపత్రి లేదు, ఎన్నో భాషలకు లిపే లేదని ఇంకో పక్క అంటారు. ఇద్దరి దగ్గరా కావలసినన్ని రుజువులు ఉన్నాయి. అందుకే ఆ వాదన ఏళ్ల తరబడి అక్కడే తిరుగుతూ ఉంటుంది. నాకు అర్థమైనంతలో ఈ చిక్కుముడి విప్పడానికి పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారు? ఆ నిర్ణయం తప్పని తేలితే దాన్ని మార్చే హక్కు ఎవరి దగ్గర ఉంది? ఈ ప్రశ్న పట్టుకుని చరిత్రలోకి వెళ్తే, విడివిడిగా కనిపించే సంగతులు ఒక వరసలోకి వస్తాయి.

అసలు భాషే లేని గ్రంథం

ముందు ఒక విచిత్రం చూడాలి. యేసు మాట్లాడింది అరామిక్. ఆయన మాటలు మనకు అందింది గ్రీకులో. ఆయన నోటి మాట యథాతథంగా మిగిలింది "తలీతా కుమీ", "ఎఫ్ఫతా" లాంటి కొన్ని ముక్కలే. అంటే క్రైస్తవుల మూలగ్రంథమే ఒక అనువాదంతో మొదలైంది. దేవుడు ఈ భాషలోనే మాట్లాడాడు, మిగతావాళ్లు ఈ భాషకే రావాలి అని చెప్పుకునే వీలు ఈ మతానికి మొదటి నుంచీ లేదు. అయినా లాటిన్ విషయంలో, ఆ తర్వాత ఇంగ్లిష్ విషయంలో, చాలా కాలం అలాగే ప్రవర్తించారు. అది వేరే సంగతి.

సంస్కృతి గురించిన మొదటి పెద్ద గొడవ కూడా బయటివాళ్లతో రాలేదు, ఇంట్లోనే వచ్చింది. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. యూదయ నుంచి కొందరు అంతియొకయకు వచ్చి, మోషే ఆచారం ప్రకారం సున్నతి చేయించుకోకపోతే మీకు రక్షణ లేదని యూదులు కాని విశ్వాసులతో అన్నారు. అడిగినవాళ్లను మూర్ఖులని తీసిపారేయలేం. వాళ్ల దృష్టిలో ఆచారమూ విశ్వాసమూ ఒకటే. తాతముత్తాతల నుంచీ వచ్చిన నిబంధన గుర్తు అది. పౌలు, బర్నబా వాదించారు. సంగతి యెరూషలేముకు చేరింది. పెద్దలు కూర్చుని, సున్నతి అక్కర్లేదని తేల్చారు. విగ్రహాలకు పెట్టినవి, రక్తం, గొంతు పిసికి చంపినవాటి మాంసం, వ్యభిచారం, ఈ నాలుగింటికి దూరంగా ఉండమని మాత్రం ఉత్తరం రాశారు.

ఈ తీర్పులో నన్ను ఆకట్టుకునేది ఒకటుంది. అప్పటికి అధికారం అంతా యెరూషలేముది. పేరు వాళ్లది, గ్రంథం వాళ్లది, మెస్సీయ వాళ్లలో పుట్టినవాడు. అంత పట్టు ఉండి కూడా తమ ఆచారాన్ని ఎదుటివాళ్ల మీద రుద్దకుండా తామే ఆగారు. అలాగని ఏం చేసినా ఫరవాలేదనీ అనలేదు. ఆ తర్వాతి రెండు వేల ఏళ్లలో మిషన్ ఎక్కడ బాగుపడిందో, ఎక్కడ చెడిందో చూస్తే, చాలాసార్లు ఈ ఆగడం దగ్గరే తేడా కనిపిస్తుంది.

చక్రవర్తి చెప్పినా వినని కథ

మత్తేయో రిచ్చి 1582లో చైనా తీరంలోని మకావులో దిగిన ఇటలీ జెస్యూట్, అంటే ఒక కతోలిక సన్యాసి సంఘానికి చెందినవాడు. మొదట్లో బౌద్ధ సన్యాసి వేషం వేశాడు. మతగురువంటే అక్కడ అలాగే ఉంటారనుకున్నాడు. పదేళ్లు దాటాక, చైనా సమాజంలో అసలు గౌరవం ఎవరికి ఉందో అర్థమై, 1595లో పండితుల పట్టు అంగీకి మారాడు. కన్ఫ్యూషియస్ గ్రంథాలు చదివాడు. చైనా భాషలో ప్రపంచపటం గీశాడు. షు గ్వాంగ్‌చి అనే పండితుడితో కలిసి యూక్లిడ్ రేఖాగణితాన్ని చైనా భాషలోకి తెచ్చాడు. 1601లో బీజింగ్‌లో స్థిరపడి, 1610లో అక్కడే చనిపోయాడు.

ఆయన ముందు నిలబడిన ప్రశ్న పితరులకు చేసే క్రియలది. చైనా ఇళ్లలో చనిపోయిన పెద్దల పేర్లు రాసిన పలక ముందు ధూపం వేసి మోకరిల్లుతారు. ఇది పూజా? లేక పెద్దలకు కొడుకు చూపే గౌరవమా? పూజ అయితే క్రైస్తవుడు చేయకూడదు. గౌరవమైతే మానమనడం తల్లిదండ్రులను వదులుకోమన్నట్టే. ఇది గౌరవమేనని రిచ్చి నిర్ణయించాడు. ఆ తర్వాత వచ్చిన వేరే కతోలిక సన్యాసి సంఘాలవాళ్లు, డొమినికన్లు, ఫ్రాన్సిస్కన్లు, కాదన్నారు. సామాన్య జనం మధ్య తిరిగినవాళ్లకు అక్కడ ఆత్మలకు ఆహారం పెట్టే నమ్మకం కనిపించింది. పండితుల మధ్య తిరిగిన జెస్యూట్లకు అది కనిపించలేదు. ఇద్దరూ చూసినదే చెప్పారు. చూసిన వీధులు వేరు.

తగువు రోముకు, అంటే పోపు దగ్గరికి, వెళ్లింది. 1700లో జెస్యూట్లు ఏకంగా కాంగ్‌షి చక్రవర్తినే అడిగారు. ఇవి లోక మర్యాదలే, దైవపూజ కాదు అని ఆయన చెప్పాడు. 1692లో క్రైస్తవానికి తన రాజ్యంలో చోటిచ్చిన చక్రవర్తి ఆయనే. తన జనం ఆచారానికి అర్థం ఏమిటో ఆయన కన్నా గట్టిగా చెప్పగలవాళ్లు ఎవరు? రోముకు ఆ సాక్ష్యం సరిపోలేదు. 1704లో ఒకసారి, 1715లో మరింత గట్టిగా, 1742లో ఇక మాట్లాడవద్దన్నట్టుగా ఆ క్రియల్ని నిషేధించింది.

మధ్యలో జరిగిన ఒక చిన్న సంఘటన మొత్తం కథను కళ్లకు కట్టిస్తుంది. 1693లోనే ఫుజియన్‌లో ఈ క్రియల్ని నిషేధించిన ఫ్రెంచ్ మతాధికారి షార్ల్ మెగ్రో. 1706లో కాంగ్‌షి అతన్ని పిలిపించి, సింహాసనం వెనక రాసి ఉన్న నాలుగు అక్షరాలు చదవమన్నాడు. మెగ్రో సరిగా చదవలేకపోయాడు. మా అక్షరం చదవలేనివాడు మా ఆచారాలకు అర్థం చెబుతాడా అని చక్రవర్తికి కోపం వచ్చింది. రిచ్చి పద్ధతిలో నడుస్తామని ఒప్పుకున్న మిషనరీలే ఉండవచ్చని షరతు పెట్టాడు. ఆయన కొడుకు 1724లో క్రైస్తవాన్నే నిషేధించాడు. ఇంతా అయ్యాక 1939లో రోము ఆ క్రియలకు అనుమతిచ్చింది. 1715 నుంచి లెక్కేస్తే 224 ఏళ్లు. ఆ మధ్య పుట్టి చనిపోయిన చైనా కతోలికులు ఎన్ని తరాలో ఆలోచించండి. తండ్రి పలక ముందు తలవంచితే సంఘానికి దూరం, వంచకపోతే వంశానికి దూరం.

బాధ కలిగించేది ఇంకొకటి. సువార్త తీసుకెళ్లమన్నాం గానీ ఫ్రాన్స్‌నో స్పెయిన్‌నో ఇటలీనో చైనాకు మోసుకెళ్లడం కన్నా అర్థంలేని పని ఉందా అన్న సలహా అదే రోము 1659లో తన మిషనరీలకు రాసి పంపింది. తెలియక జరిగింది కాదు ఇది. తెలిసినా నిర్ణయం చేతిలోంచి వదలడానికి మనసు రాలేదు.

సంస్కృతి అంటే ఎవరిది?

రిచ్చి పద్ధతిని మెచ్చుకున్న చేతితోనే ఇంకో ప్రశ్న రాయాలి. ఆయన పండితుల అంగీ తొడిగాడు, కూలివాడి చొక్కా కాదు. ఒక సమాజంలోకి వెళ్లి, ఇక్కడి సంస్కృతిని గౌరవిస్తాను అన్నప్పుడు, ఆ సమాజంలో ఎవరి సంస్కృతి అని అడగాలి.

మదురైలో రాబర్ట్ డి నోబిలి కథ ఇదే ప్రశ్నను ఇంకా పచ్చిగా ముందుకు తెస్తుంది. 1606లో అక్కడికి వచ్చేసరికి పోర్చుగీసు గురువు ఒకరు చాలా ఏళ్లుగా పని చేస్తున్నారు. అక్కడి పై కులాలవాళ్లు మాత్రం ఆ గుడి వైపే రావడం లేదు. పరంగులతో కలిస్తే మైలపడతామని వాళ్ల భయం. నోబిలి కాషాయం కట్టాడు. మాంసం మానేశాడు. బ్రాహ్మణ వంటవాణ్ణి పెట్టుకున్నాడు. సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చాడు. జంధ్యం వేసుకున్నవాడు క్రైస్తవుడైతే దాన్ని తెంపక్కర్లేదన్నాడు. ఆ పాత గురువు ఫిర్యాదు చేశాడు, ఏళ్ల తరబడి విచారణ నడిచింది, చివరికి 1623లో పోపు నోబిలి వైపు మొగ్గాడు.

అప్పటి ఐరోపా అహంకారం తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద సాహసమో అర్థమవుతుంది. ఎదుటివాడి భాషను, ఆహారాన్ని, చదువును తనకన్నా తక్కువ కాదని ఒప్పుకున్న యూరోపియన్లు ఆ కాలంలో వేళ్ల మీద లెక్కపెట్టే అంతమంది. కానీ దాని ధర చెల్లించింది వేరేవాళ్లు. పై కులాలవాళ్లకు ఒక గురువు, కింది కులాలవాళ్లకు ఇంకో రకం గురువు అన్న ఏర్పాటు సంఘంలోకి వచ్చేసింది. ఆచారాన్ని గౌరవించడం అన్న పేరుతో అంటరానితనం గుడిలో చోటు సంపాదించుకుంది. ఆ విచారణల్లో జంధ్యం గురించి పుటలు పుటలు రాశారు. వెలివాడలో పుట్టి విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు ఆ నిర్ణయంలో మాట లేదు. 1980ల్లో అరవింద్ నిర్మల్ లాంటివాళ్లు దళిత వేదాంతం అన్న పేరుతో మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు అడిగింది సరిగ్గా ఇదే. ఇక్కడి సంస్కృతి అంటూ మీరు ఉపనిషత్తుల దగ్గరే ఆగిపోతే మా బతుకు ఎవరి సంస్కృతి?

అందుకే సంస్కృతిని కాపాడాలి అని ఎవరైనా గట్టిగా అన్నప్పుడు నేను కాస్త ఆగి వింటాను. సంస్కృతి గాజుపెట్టెలో పెట్టిన బొమ్మ కాదు. దాని లోపలే తగువులు ఉంటాయి. కొందరికి అది ఇల్లు, కొందరికి సంకెల.

కెన్యాలో 1929 నాటి గొడవ ఇంకా చిక్కుది. కికుయు ప్రజల్లో ఆడపిల్లల జననాంగాన్ని కోసే ఆచారం ఉండేది. స్కాట్లాండ్ మిషన్‌వాళ్లు దాన్ని వ్యతిరేకించారు. పిల్లల ప్రాణాలకు ముప్పని ఆసుపత్రుల్లో కళ్లారా చూసినవాళ్లు. వాళ్ల మాట తప్పు కాదు. కానీ వాళ్లు పట్టిన దారి ప్రమాణాల దారి. ఆచారం వదిలేస్తామని ఒట్టు పెడితేనే సంఘంలో, బడిలో చోటు. అప్పటికే తెల్ల సెటిలర్లు ఆ జనం భూముల్ని లాక్కుని ఉన్నారు. నేల పోయింది, ఇప్పుడు ఒంటి మీదికి వచ్చారు అని జనం అనుకున్నారు. వేలమంది సంఘాల నుంచి వెళ్లిపోయి సొంత బడులు, సొంత సంఘాలు పెట్టుకున్నారు. క్రీస్తును వదల్లేదు చూడండి, మిషన్‌ను వదిలారు. ఆ ఆచారం మాత్రం స్వాతంత్ర్య పోరాటానికి గుర్తై కూర్చుంది. జోమో కెన్యాట్టా లాంటి నాయకుడే దాన్ని సమర్థిస్తూ రాశాడు. 2011లో కెన్యా పార్లమెంటే చట్టం చేసి దాన్ని నిషేధించింది. ఆ చట్టం వెనక ఆ దేశపు ఆడవాళ్లే ఉన్నారు. చెప్పే మాట నిజమైనంత మాత్రాన చెప్పే హక్కు, ఒత్తిడి చేసే హక్కు వాటంతట అవే రావు. ఈ పాఠం ఇప్పటి స్వచ్ఛంద సంస్థలకూ అంతే వర్తిస్తుంది.

తుపాకీ పక్కన నిలబడినప్పుడు, ఎదుట నిలబడినప్పుడు

మిషన్‌కీ వలస పాలనకీ సంబంధం ఏమిటంటే చాలామంది ఒక్క మాటలో జవాబు చెబుతారు. ఒక్క జవాబు లేదు. ఈ రెండు చోట్లకు వెళ్లి చూడండి.

కెనడాలో ప్రభుత్వం డబ్బు పెట్టి, సంఘాలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లు వందేళ్లకు పైగా సాగాయి. దాదాపు లక్షన్నర మంది ఆదివాసీ పిల్లలు వాటిలో పెరిగారు. ఇంటి నుంచి తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, యూనిఫాం తొడిగేవాళ్లు. తల్లి భాష నోట వస్తే దెబ్బలు. ఆకలి, జబ్బులు, లైంగిక హింస. వేల మంది ఇంటికి తిరిగి రాలేదు. 2015లో సత్యశోధన కమిషన్ దీన్ని సాంస్కృతిక జాతిహత్య అంది. 2022 జులైలో పోపు ఫ్రాన్సిస్ ఆల్బర్టాలోని మస్క్వాచీస్‌కు వెళ్లి క్షమాపణ కోరారు. ఎక్కడో భాషలకు లిపి రాసిపెట్టిన మతమే ఇక్కడ పిల్లల నాలుక మీది భాషను కొట్టి తరిమింది. దీన్ని కొందరి తప్పుగా తేల్చి పక్కన పెట్టడం నాకు సమ్మతం కాదు. రాజ్యం తన పని కోసం సంఘాన్ని వాడుకుంది, సంఘం తన పని కోసం రాజ్యం బలాన్ని తీసుకుంది. ఆ బేరంలోనే విషం ఉంది.

ఇప్పుడు కాంగో. బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఏలుతున్న నేల, రబ్బరు కోసం జనాన్ని చంపుతున్న కాలం. విలియం షెపర్డ్ అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి ప్రెస్బిటేరియన్ మిషనరీ. 1899లో ఊళ్ల మీద పడిన ఒక దండు శిబిరానికి వెళ్లాడు. అక్కడ మంట మీద తెగిన మనిషి చేతులు ఆరబెట్టి ఉన్నాయి. ఆయన వాటిని లెక్కపెట్టాడు. ఎనభై ఒకటి. ఆ లెక్క రాసి ప్రపంచానికి పంపాడు. పదేళ్ల తర్వాత రబ్బరు కంపెనీ పరువునష్టం దావా వేసి ఆయన్ని కోర్టుకు లాగింది. దావా నిలబడలేదు.

ఇద్దరూ మిషనే. ఒకచోట రాజ్యం జేబులోంచి జీతం, ఇంకోచోట రాజ్యానికి ఎదురు సాక్ష్యం. 2012లో రాబర్ట్ వుడ్‌బెరీ అనే సమాజశాస్త్రవేత్త ఒక పెద్ద పరిశోధన ప్రచురించాడు. ప్రభుత్వ పట్టులో లేని ప్రొటెస్టెంట్ మిషనరీలు ఎక్కువగా పని చేసిన చోట్ల చదువు, అచ్చు, పౌర సంఘాలు విస్తరించి, తర్వాతి కాలంలో ప్రజాస్వామ్యం నిలదొక్కుకుందని వాదించాడు. దాన్ని ప్రశ్నించిన పరిశోధనలూ వచ్చాయి, తగువు తీరలేదు. వాదన మొత్తం ఒప్పుకోకపోయినా, ప్రభుత్వ పట్టులో లేని అన్న ఆ మాటను మాత్రం గట్టిగా పట్టుకోవాలి.

స్నేహితుల్ని ఇవ్వండి

1910లో ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ సభ జరిగింది. ప్రతినిధులు 1200 మందికి పైగా. ఆసియా నుంచి వచ్చినవాళ్లు ఇరవై మంది కూడా లేరు. దోర్నకల్‌లో పని చేస్తున్న వి.ఎస్. అజరయ్య ఆ సభలో లేచి నిలబడ్డారు. రెండేళ్ల తర్వాత ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యేది ఆయనే. మీరు బీదలకు ఆస్తి ఇచ్చారు, మీ శరీరాల్నే అర్పించారు, మేం అడిగేది ప్రేమ, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. ఒకటవ కొరింథీయులు 13వ అధ్యాయం మాటల్నే తీసుకుని, ఇచ్చేవాళ్ల మీదికి తిప్పారు. త్యాగం చేసేవాడికీ స్నేహం చేసేవాడికీ తేడా ఏమిటంటే, స్నేహితుడి మాట కొట్టేయవచ్చు, వాడు ఏమీ అనుకోడు. దాతతో ఆ పని కుదరదు.

అప్పటికి ఇరవై ఏళ్ల ముందే క్రౌథర్‌కు దీని చేదు తెలిసింది. 1890లో ఇంగ్లాండ్ నుంచి వచ్చిన యువ మిషనరీలు, ముసలి బిషప్ నైజర్ నది ప్రాంతపు మిషన్‌లో చేసిన పనిని తప్పుబట్టి, ఆయన మనుషుల్ని తొలగించి అవమానించారు. మరుసటి ఏడాది ఆయన చనిపోయాడు. తర్వాతి బిషప్‌గా తెల్లవాణ్ణే పెట్టారు. అక్కడి జనానికే పగ్గాలు అన్న మాట కాగితం మీద ఎంత బాగున్నా, పగ్గాలు నిజంగా చేతికొచ్చిన రోజున ఇచ్చినవాడి చెయ్యి వణుకుతుంది.

1910 సభ తర్వాతి అరవై ఏళ్లలో మాటలు మారాయి. లాటిన్ మూలంలో మిషన్ అంటే పంపడం. దేవుడు కుమారుణ్ణి పంపడం అనే అర్థంలో వాడిన మాట అది. 1952లో జర్మనీలోని విల్లింగెన్‌లో జరిగిన మిషనరీ సభ తర్వాత, మిషన్ సంఘం సొత్తు కాదు, దేవుడి పని, సంఘం అందులో పాలుపంచుకుంటుందంతే అన్న ఆలోచన బలపడింది. 1971లో తూర్పు ఆఫ్రికా ప్రెస్బిటేరియన్ సంఘ నాయకుడు జాన్ గాటు ఇంకా నేరుగా అన్నారు. కొన్నేళ్ల పాటు మిషనరీల్నీ డబ్బునీ పంపడం ఆపండి, మా కాళ్ల మీద మేం నిలబడనివ్వండి. 1974లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జరిగిన సువార్త సభలో రెనె పదీయా, సామ్యుయెల్ ఎస్కొబార్ అనే లాటిన్ అమెరికా వేదాంతులు లేచి, మీరు సువార్త పేరుతో అమెరికా జీవన విధానాన్ని ఎగుమతి చేస్తున్నారని నిర్మొహమాటంగా చెప్పారు. ఆత్మకు రక్షణ, సమాజానికి న్యాయం రెండూ విడదీయరానివని పట్టుబట్టారు. అంగీకార పత్రంలో సామాజిక బాధ్యత గురించి ఒక పేరా చేరిందంటే వాళ్ల ఒత్తిడి వల్లే.

ఇప్పుడు పంపేది ఎవరు?

1910లో ప్రపంచ క్రైస్తవుల్లో మూడింట రెండు వంతులు ఐరోపాలో ఉండేవాళ్లు. 2010 నాటికి అది నాలుగో వంతుకు పడిపోయింది. సహారా దిగువ ఆఫ్రికా వాటా అదే కాలంలో వందకు ఒకటి రెండు నుంచి దాదాపు నాలుగో వంతుకు పెరిగింది. కొరియా, బ్రెజిల్, నైజీరియాల నుంచి మిషనరీలు బయటి దేశాలకు వెళ్తున్నారు. మిషనరీ అంటే తెల్లవాడు అన్న బొమ్మ మన బుర్రలో ఇంకా ఉంది గానీ, లోకంలో ఎప్పుడో చెదిరిపోయింది.

ఒక ఉదాహరణ చెబుతాను. 1952లో లాగోస్‌లో జొసయా అకిందయోమి ఒక చిన్న ప్రార్థనా బృందంతో రిడీమ్డ్ క్రిస్టియన్ చర్చ్ ఆఫ్ గాడ్ మొదలుపెట్టారు. ఆయన బోధించేది యొరూబాలో. 1970ల్లో ఆ బోధను ఇంగ్లిష్‌లోకి అనువదించినవాళ్లలో ఒకరు ఎనాక్ అదెబోయె, యూనివర్సిటీలో లెక్కల లెక్చరర్. తర్వాత ఆయనే ఆ సంఘానికి నాయకుడయ్యారు. ఇవాళ ఆ సంఘం వందకు పైగా దేశాల్లో ఉంది. ఇంగ్లిష్ నుంచి యొరూబాకు వచ్చిన దారిలోనే యొరూబా నుంచి ఇంగ్లిష్‌కు మాట వెనక్కి నడిచింది.

అయితే పాత చిక్కు పోలేదు, చోటు మారింది. ఐరోపా నగరాలకు వచ్చిన ఆఫ్రికా సంఘాలు చాలావరకు తమ దేశస్థులతోనే నిండి ఉంటాయి. పక్కింటి తెల్లవాడి ప్రపంచం, దేవుణ్ణే అవసరం లేదనుకునే ఆ ప్రపంచం, వాళ్లకు అర్థం కావడం కష్టం. ఒకప్పుడు మెగ్రోకు అక్షరాలు అర్థం కానట్టే. లెస్లీ న్యూబిగిన్ ముప్పై ఏళ్లకు పైగా దక్షిణ భారతంలో పని చేసి 1974లో ఇంగ్లాండ్‌కు తిరిగి వెళ్లాక, తన సొంత దేశమే ఇప్పుడు కష్టమైన మిషన్ క్షేత్రం అని గ్రహించారు. పుట్టిన సంస్కృతిని బయటివాడి కళ్లతో చూడటం ఆయన ఇక్కడ నేర్చుకున్న విద్య.

డబ్బు సంగతి ఇంకా తేలలేదు. రెండు వారాల షార్ట్ టర్మ్ మిషన్ ట్రిప్పులు, ఫొటోలు, విరాళాలు. వచ్చినవాళ్ల ప్రేమను నేను శంకించను. కానీ విరాళాలు అనాథాశ్రమాల వైపు పారుతుంటే అనాథలు కాని పిల్లలు కూడా అక్కడికి చేరతారు. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని ఎన్నో దేశాల అనుభవం చెబుతోంది. ఆ డబ్బే కుటుంబాలకు చేరితే పిల్లలు ఇంట్లోనే పెరుగుతారు.

ఎవరూ పెద్దగా పట్టించుకోని మార్పు పాటలది. అమెరికా, ఆస్ట్రేలియాల్లోని కొన్ని పెద్ద సంఘాల్లో పుట్టిన ఆరాధన గీతాలు నెలల్లోనే ఖండాలు దాటి, అదే గిటార్ వరసలతో, అనువాదం చేసిన మాటలతో అన్ని చోట్లా వినిపిస్తున్నాయి. ఏ మిషనరీ వెళ్లి నేర్పలేదు, ఎవరూ ఒత్తిడి చేయలేదు. యువత ఇష్టంగానే పాడుతోంది. అయినా ఒక సంఘం తన సొంత రాగం మర్చిపోతే నాకు మనసు కలుక్కుమంటుంది. ఇది అధికారం చేసిన పని కాదు, మార్కెట్ చేసిన పని. అందుకే అడ్డుకోవడమూ కష్టమే.

ఇక మతం మార్చుకోవడం. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 18వ అధికరణం మతం మార్చుకునే స్వేచ్ఛను స్పష్టంగా గుర్తించింది. ఆ స్వేచ్ఛకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగలవచ్చు. మారకూడదని బెదిరించేవాళ్లు ఉన్నారు, మారితే ఇంత ఇస్తామని ఆశపెట్టేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఎదుటి మనిషికి సొంత బుద్ధి ఉందని నమ్మనివాళ్లే. 2011లో ప్రపంచ చర్చిల మండలి, వాటికన్, వరల్డ్ ఇవాంజెలికల్ అలయన్స్ కలిసి ఒక నియమావళి విడుదల చేశాయి. ఒకరితో ఒకరికి పడని ఈ మూడు సంస్థలు ఒక కాగితం మీదికి రావడమే విశేషం. పేదరికాన్ని వాడుకోవద్దు, ప్రలోభపెట్టవద్దు, వైద్యం చేసే చోట బలహీనంగా ఉన్న మనిషి నిస్సహాయతను సొమ్ము చేసుకోవద్దు అంటుంది అది. మతం మారాలనుకునే మనిషికి ఆలోచించుకోవడానికి తగినంత సమయం ఇవ్వాలని కూడా అంటుంది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఈ చివరి షరతే. తొందరపెట్టేవాడికి వినే ఉద్దేశం ఉండదు.

బైబిల్ మొత్తంగా ఇప్పుడు 700కు పైగా భాషల్లో ఉంది. కొన్ని భాగాలైనా ఉన్న భాషలు వేలల్లో. ఆ పని చేసే తీరు క్రౌథర్ కాలంలా లేదు. రాసేది ఆ భాష తల్లిభాషగా ఉన్నవాళ్లే, బయటి నిపుణుడు పక్కన కూర్చుని సలహా ఇస్తాడు. చిత్తుప్రతి తయారయ్యాక దాన్ని, ఆ పని గురించి ఏమీ తెలియని ఒక ముసలావిడకో, పొలం నుంచి వచ్చిన కుర్రాడికో పైకి చదివి వినిపిస్తారు. అర్థమైందా అని అడగరు, ఎందుకంటే మర్యాదకు అందరూ అయిందనే అంటారు. "ఇప్పుడు విన్నది మీ మాటల్లో చెప్పండి" అంటారు. ఆవిడ చెబుతుంది. రాసినవాళ్లు అనుకోని అర్థం ఏదో ఆవిడ నోట వస్తుంది. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. ఎవరో పెన్ను తీసి ఆ మాట కొట్టేస్తారు.